ఇరవై ఎనిమిది డిగ్రీలు

కందుకూరు దాటి పామూరు రోడ్డులో
రెండెకరాల నల్లరేగడి, ఒక బోరు,
మధ్యాహ్నం దాటితే ఉప్పునీళ్ళు.
అక్కడ పొగాకుకి జబ్బు చేయించి చూడ్డం నా ఉద్యోగం.

నారు పీకే ముందు
బకెట్లో పాలు కలిపి చేతులు ముంచమంటాను.
"మనవరాలికి గంజి తాపొచ్చినానబ్బయా,
చేతులకి పాలా?" అంటుంది దీవెనమ్మ.
చుట్ట కాల్చిన వేళ్ళు. అయినా ముంచుతుంది.

ఆ వేళ్ళ సందుల్లో ఉంటుంది అది.
బేరన్లో వారం ఉడికినా చావదు,
చుట్టగా చుట్టి మడిచినా చావదు.
బతికుందని కూడా గట్టిగా చెప్పలేం.
ఒక పోగు, పోగు మీద ఒక చొక్కా,
అంతే ఆస్తి.

ఆకు నూగు ఒక్కటి విరిగితే చాలు,
ఆ గాయంలోంచి లోపలికి.
చుట్టమొచ్చాడని కాళ్ళకు నీళ్ళిచ్చినట్టు
చొక్కా విప్పి తగిలించేది కూడా ఆకే.
తన మగ్గం మీద వాడి పోగు వేసి
నేస్తుంది, నేస్తుంది,
చీరాల నేతగాడికి కూడా అంత వడి లేదు.

మరీ వెర్రిది కాదులే ఆకు.
జంటపోగు కనబడితే తుంచే కత్తెర దానికుంది.
తుంచిన ముక్కని చేత పట్టుకుని
ఈ పోలిక వాడెవడు, ఈ పోలిక వాడెవడు అని
గదిగదీ తిరిగి నరుకుతుంది.
వచ్చినవాడు తక్కువ తిన్నాడా?
నకళ్ళు రాసుకునే చేత్తోనే
ఆ ముక్కలన్నీ ఏరి గుప్పిట మూస్తాడు.
సాక్ష్యం లేదు. కేసు కొట్టేశారు.

మా నాలుగో వరసకి మాత్రం
ఏడు తరాలుగా అడవి పొగాకు రక్తం ఎక్కించాం.
అందులో ఒక కాపలా ప్రోటీన్ ఉంది,
దాని పేరు కూడా ఒక్క అక్షరమే.
అది వాడి ముఖం చూడదు, చొక్కా చూడదు,
సరిగ్గా ఆ గుప్పిట మూసిన చేతినే పట్టుకుంటుంది.

పట్టుకున్న కణం అరుస్తుంది.
ఇరుగూ పొరుగూ వింటారు.
అందరూ కలిసి చచ్చిపోతారు.
రెండ్రోజులకి ఆకు మీద
మాడిన నువ్వుగింజలంత మచ్చలు,
మచ్చ గీత దాటి ఒక్క పోగూ పోదు.
"ఇది తెగులు గాదా?" అని వేలు పెట్టింది దీవెనమ్మ.
"ఇదే కాపలా" అన్నాను గొప్పగా.
అంత కాపలా ఉన్నాక ఇంకెందుకని
ఆ వరసకి పాలు మానేశాను.
బిల్లు కూడా తగ్గింది.

కోతలైపోయాయి. బేళ్ళు వేలానికి పోయాయి.
విత్తనం కోసం నాలుగో వరసని
షేడ్‌నెట్ కింద ఉంచాం.
మే వచ్చింది.
ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే
ఆ ప్రోటీన్‌కి ఒళ్ళు తెలియదు.
ఇది నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న సంగతి.
ఇక్కడ తెల్లవారుజామున రెండింటికి ముప్పై.

మచ్చలు రాలేదు.
ఆకులు నున్నగా, ఏపుగా ఉన్నాయి.
లేతాకుల్లో పచ్చ మీద పచ్చ అతుకులు పడుతుంటే
వల నీడనుకున్నాను.
రిజిస్టర్లో వరసగా పదకొండు రోజులు
"ఆరోగ్యం" అని రాశాను.

ఇరవై రెండో తేదీ రాత్రి గాలివాన.
కరెంటు పోయింది. ఇరవై నాలుక్కి దిగింది.
నెల తర్వాత ఊరంతా ఒళ్ళెరగకుండా పడుకుంది.
కాపలా లేచింది.
లేచి చూస్తే గదిగదిలోనూ వాడే.
దానికి తెలిసింది ఒక్కటే పని.
చేసింది.

రెండోనాటి పొద్దున వరసంతా
బేరన్ మొహం చూడకుండానే వేలాడింది.
దీవెనమ్మ చేతులు రెండూ తిప్పి చూసుకుంది.
"పాలు మానేస్తిమి గదబ్బయా."
"నీ చేతులు కావులే" అన్నాను.
ఎవరివో చెప్పలేదు.

కారణం అనే గడిలో వైరస్ అని రాసి కొట్టేశాను.
వాన అని రాసి కొట్టేశాను.
ఆమె ఒక మొక్క పీకి, వేరు దులిపి,
"వచ్చే ఏడు మళ్ళీ దీన్నే ఏస్తారా?" అంది.

దీన్నే. ఇంకేముంది మా దగ్గర?