రెండు వందల నలభై చుక్కలు

కాస్ట్రో రేవులో వాన
ఎవర్నీ ఊరూ పేరూ అడగదు.
నయాదెత్ అడుగుతుంది.

కర్రకాళ్ళ మీద నిలబడ్డ ఇంట్లో,
నేల కింద సముద్రం వచ్చి పోతుంటే
కట్టెల పొయ్యి పక్కన కూచుని
పడవల వేళలూ ఆటుపోట్ల వేళలూ చెప్పే పేజీకి
ఒక వాకిలి రాసింది.
వచ్చిన వాళ్ళు ముందు తామెవరో చెప్పుకోవాలి:
ఏ ఫోను, ఏ బ్రౌజరు, ఎన్నో కూర్పు.

అన్నీ ఒకే అబద్ధంతో మొదలుపెడతాయి.
"మొజిల్లాని" అంటుంది ప్రతి ఒక్కటీ,
ఎన్నడో పోయిన ముత్తాత ఇంటిపేరు చెప్పి
పెళ్ళి పందిట్లోకి దూరినట్టు.
క్రోమ్ వచ్చి సఫారీనంటుంది.
సఫారీ వచ్చి గెక్కోలాంటి దాన్నంటుంది.
గెక్కో అంటే బల్లి.
బల్లి పలికిన దిక్కు చూసుకుని
మూట సర్దుకునే వాళ్ళలా
నయాదెత్ ఆ మాటలు నమ్మింది.
వెడల్పాటి వాళ్ళకు వెడల్పాటి పేజీ,
సన్నటి వాళ్ళకు సన్నటి పేజీ వడ్డించింది.
జాబితాలో లేని వాళ్ళకు ఒక్క వాక్యం:
"మీ బ్రౌజరు పాతది. దయచేసి కొత్తది వేసుకుని రండి."
మర్యాదగానే రాశాననుకుంది.

జూన్ నెల, చిట్టాలో ఒక వరస.
తెల్లవారుజామున నాలుగూ నలభైకి
ఎవరికీ చుట్టం కాని యంత్రమొకటి.
మొజిల్లా అనలేదు, బల్లి అనలేదు.
"నా వెడల్పు రెండు వందల నలభై చుక్కలు" అంది,
అంతే.
వాక్యం చదువుకుంది, వెళ్ళిపోయింది.
మర్నాడు నాలుగూ నలభై ఒకటికి మళ్ళీ.
ఆ మర్నాడూ.
పదకొండు రోజులు.

రోబో అయ్యుంటుందనుకుంది నయాదెత్,
వాటికి నిద్రెక్కడిది?
గడియ ఇంకాస్త బిగించబోతుంటే
పడవ నుంచి తడిసి దిగిన ఒనోఫ్రే
చేతులు పొయ్యికి కాచుకుంటూ అన్నాడు:
"అవతల దీవిలో ఎడెల్మీరా, ఆ నాచు ఏరే ఆవిడ,
నీ మీద కోపంగా ఉంది."

ఆవిడది మీటల ఫోను.
మూత ఊడిపోతే ఊలు దారంతో కట్టింది.
ఆ తెర మీద నయాదెత్ వాక్యం
ఒడ్డు దాటి పోయింది,
బ్రౌజరన్న మాట అంచు అవతల పడింది.
మిగిలింది ఇదీ:
"మీ… పాతది. దయచేసి కొత్తది వేసుకుని రండి."

వేసుకుందట.
పండక్కని దాచిన ఎర్ర ఊలు కోటు
చీకట్లో గుండీలు పెట్టుకుని
మళ్ళీ మీట నొక్కిందట.
అప్పటికీ కాదంటే
పోటు ఎప్పుడు తీస్తుందో తెలీక
ఒడ్డున నిలబడి సముద్రాన్నే అడిగిందట,
ఎర్ర కోటుతో, పదకొండు తెల్లవారుజాములు.

నయాదెత్ నవ్వింది. తర్వాత నవ్వలేదు.

ఆ రాత్రి వాకిలి మొత్తం చెరిపేసింది,
మూడు వందల పన్నెండు వరసలు.
మంచం ఉన్నంత వరకే కాళ్ళు చాపుకోవాలని
వచ్చిన వాళ్ళకు చెబుతూ వచ్చాం ఇన్నాళ్ళూ.
కాళ్ళు పేజీవి, మంచం వాళ్ళది.
ముడుచుకోవాల్సింది ఎవరు?

ఇప్పుడు పేజీ అడిగేది ఒక్కటే:
ఎంత చోటుంది?
ఇరుకైతే బొమ్మలు దిగిపోతాయి,
పట్టికలో గడులు
పడవ దిగే జనంలా ఒకరి వెనక ఒకరు నిలబడతాయి.
అన్నిటికంటే ముందు
ఇవాళ నీళ్ళు తీసే వేళ, పెద్ద అక్షరాల్లో.
దానికి చోటు లేని తెర
ఇంకా ఎవరూ చెయ్యలేదు.

మూడో నాడు నిద్ర పట్టక చిట్టా తెరిచింది.
నాలుగూ ముప్పై తొమ్మిది.
ఒకరు వచ్చారు, కాసేపు ఆగారు, వెళ్ళారు.
ఎవరని అడగలేదు.

నేల కింద సముద్రం వెనక్కి నడుస్తోంది,
బురదలో గవ్వలు టిక్కుటిక్కుమంటున్నాయి.
పొయ్యిలో తడి కట్టె పొగ చిమ్మితే
కళ్ళు తుడుచుకుని
కిటికీ తెరిచింది.