అరగంట రేవు

ఒక బకెట్టు. ఇరవై లీటర్లు.
ఒకప్పుడు బడిగోడల రంగు ఉన్నది, అంచున ఇంకా పచ్చమరక.
బూజీ నది నీళ్లు,
కపులానా గుడ్డ నాలుగు మడతలేసి వడకట్టినవి.
మూతెడు క్లోరిన్ పోసి నర్సు చెప్పింది:
అరగంట ఆగాలి, అప్పటిదాకా ఎవరూ ముట్టద్దు.
చెప్పి పక్క శిబిరానికి వెళ్లిపోయింది.
గడియారం ఆమె చేతికే ఉంది.

మావన్నీ తుఫాను రాత్రే ఆగిపోయాయి.
ఫోన్లు బియ్యంలో పెట్టి ఆరబెడదామంటే
బియ్యమే నానిపోయింది.

నాలుగు రోజులు బడి కప్పుమీద కూర్చున్నాం.
కనుచూపు మేర నీళ్లు, నోట్లో ఉమ్మి లేదు.
కొట్టుకొచ్చిన కొబ్బరికాయ ఒకటి
పదకొండు మందిమి పంచుకున్నాం.
గుక్క కాదు, పెదవి తడి.
దిగి చూస్తే బావిలో మేక.
రెండో బావిలో ఏముందో
చూసినవాళ్లు చెప్పరు, మేం అడగం.
జుస్తీనా కొడుకు ఆగలేక గుంటలో నీళ్లు తాగాడు.
నాలుగో గుడారం ముందు
వాడి చాప ఒక్కటే ఎండలో ఆరుతోంది.

అందుకే, పిల్లలందరూ నన్నే చూస్తున్నా,
మా ఇల్దా మరీ చూస్తున్నా,
బకెట్టు మూత మీద కూర్చున్నాను.

అరగంటంటే ఎంత?
వెయ్యి లెక్కపెడదాం, అంది ఒకత్తె.
కుండెడు షిమా ఉడికేంత, అంది ఇంకొకత్తె.
షిమా మాటకి అందరం కాసేపు ఊరుకున్నాం.

అప్పుడు లేచాడు జెఫెరీనో,
ముప్పై ఏళ్లు పడవ నడిపిన సరంగు.
ఈ రేవు నుంచి ఆ రేవుకి, పోటుమీద, అరగంట.
"ఎక్కండి" అన్నాడు.

బురదలో రెండు వరసలు కూర్చున్నారు పిల్లలు.
టికెట్టుకి మామిడాకు.
"కోళ్లు కాళ్లకింద పెట్టుకోండి. సైకిలాయనా, వెనక్కి!
అదిగో మడచెట్లు. ఇదిగో ఇసకమేట,
ఇంజను కట్టేసి గడ వేస్తున్నా.
అవిగో నీటిగుర్రం చెవులు, చేతులు లోపల!"
ఒక పిల్ల నిజంగానే చెయ్యి లాక్కుంది.
"తాతా, ఇంకెంత?"
"సగం."

అవతలి ఒడ్డు కనబడేచోట ఆయన మాట ఆగింది.
ఆ రేవు లేదిప్పుడు.
రేవులో జీడిపప్పు వేయించే ఒలింపియా లేదు.
ఆయన ఆగితే మా అరగంట కూడా ఆగిపోతుంది.
నా కింద మూత వెచ్చగా ఉంది.
గొంతులో ఏదో గీరుకుంది, మింగడానికి తడి లేదు.

వెనక వరసలోంచి, అచ్చం ఒలింపియా గొంతుతో, ముక్కుతో సాగదీసి,
"జీడిపప్పోయ్... వేడివేడి జీడిపప్పోయ్" అని ఎవడో అరిచాడు.

జెఫెరీనో లేని తాడు విసిరాడు.
"దిగండి. తోసుకోకండి."

మూత తీశాను. బ్లీచింగు వాసన గుప్పుమంది.
సార్డీన్ డబ్బాతో తలా ఒకటి.
ఇల్దా మొహం చిట్లించింది, అడుగుదాకా నాకింది.
సరంగు ఆఖర్న తాగాడు.

సాయంత్రం ఇంకో బకెట్టు వచ్చేసరికి
పిల్లలు ఆకులు కోసుకుని కూర్చున్నారు,
ఈసారి మొహాలు ఇటు తిప్పి.