పద్నాలుగు ఫ్రేములు

కార్నేల్ మొదటి సినిమాకి తెర మీద బూట్లు పడ్డాయి.
అందులో ఒకటి, ఆడవాళ్ళది, మడమ ఊడినది,
ఏరుకుని ఇంటికి తెచ్చుకున్నాడు.
పోయేదాకా పెన్నులన్నీ అందులోనే.

నేను అతని ఎడిటర్ని. ముప్పై ఒక్క ఏళ్ళు.
బ్రస్సెల్స్‌లో మాంసం కొట్టు పై గది మాది.
కింద వాళ్ళ కత్తి, పైన నా కత్తెర.
సెన్సారు వాళ్ళదీ కత్తెరే,
వాళ్ళు పరువు కోసం కోస్తారు, మనం లయ కోసం
అనేవాడు, రొట్టె నములుతూ.

వాళ్ళమ్మ హెర్రింగు చేపల పొట్టలు చీరుతుంటే
పదకొండు నిమిషాలు కెమెరా కదపలేదు.
సగం హాలు ఖాళీ.
లేచి వెళ్ళేవాళ్ళని వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంటూ
వెనక వరసలో పిల్లాడిలా మురిసిపోయాడు.
బిషప్పు గారి ఉత్తరం వచ్చింది, పార్లమెంటులో ప్రశ్న వచ్చింది,
ఆ వెనకే బహుమతులూ వచ్చాయి.
తిట్టిన పత్రికలే ముద్దుపేరు పెట్టుకున్నాయి.

చివరి సినిమాకి జనం నిలబడి
ఏడు నిమిషాలు చప్పట్లు కొట్టారు.
కారులో నా మణికట్టు పట్టుకుని అడిగాడు:
"ఒక్కరూ లేచిపోలేదా?"
ఆ రాత్రే ముసలివాడైపోయాడు.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే.

ఓస్టెండ్. జనవరి.
నడుము లోతు సముద్రంలో ఓడీల్, తొమ్మిదో టేకు.
ఒడ్డుకి వీపు పెట్టి
"చాలు" అంది.
అరవలేదు. వడ్డించేవాళ్ళతో అన్నట్టు, మెల్లగా.
కెమెరా ఆగలేదు.

సౌండు టేపు మీద ఆ మాట పద్నాలుగు ఫ్రేముల పొడుగు.
"తీసెయ్" అన్నాడు.
తీసేసి, అక్కడ కాస్త సముద్రం అతికించాను.
అతుకు దొరకదు. పనిమంతురాలిని.
ఆ నిశ్శబ్దం గురించి మూడు పుస్తకాలు రాశారు.

ఓడీల్ మళ్ళీ నటించలేదు.
గెంట్‌లో ట్రాము టికెట్లు అమ్మేదని విన్నాను.
వెళ్ళి చూడలేదు.
ఆ ముక్క మాత్రం పారెయ్యలేక
బిస్కట్ల డబ్బాలో దాచాను, గుండీల మధ్య.
దాన్ని వినిపించే యంత్రం ఇప్పుడు నా దగ్గర లేదు.

మొన్న అతని సంస్మరణకి ఆ సినిమానే వేశారు.
సముద్రం వచ్చేసరికి హాలంతా ఊపిరి బిగబట్టింది,
సరిగ్గా నేను కోసిన చోట.

లేచాను.
వరస నడిమి సీటు, మోకాళ్ళ నొప్పులు,
ఒక్కొక్కరినీ లేపుకుంటూ, క్షమించమంటూ,
చేతికర్ర ఎవరి కాలికో తగిలింది,
ఎవరో ఉష్ మన్నారు.

తలుపు దగ్గర ఆగి వెనక వరస వైపు చూశాను.
వేళ్ళు మడిచేవాడు లేడు.