మిస్సింగ్

ఎడమ పక్కకి తిరిగి పడుకుంటే చాలు
తలగడ కింద ఎవరో ఇంజను స్టార్ట్ చేస్తారు.
డబ్. డబ్‌డబ్.
ఆగుతుంది.
ఎంతసేపంటే
పంటు రేవు వదిలిందా లేదా అని తేల్చుకునేంతసేపు.
మళ్ళీ డబ్‌డబ్‌డబ్,
పాత బాకీ తీర్చేవాడిలా గబగబా.

ముప్పై ఎనిమిదేళ్ళు
తాటిపాకలో, కాలవ పక్క రేకుల షెడ్డులో
చెవితోనే బతికాను.
స్క్రూడ్రైవరు మొన ఇంజను వీపుకి ఆనించి
పిడి చెవికి పెట్టుకుంటే
వాల్వు చెప్పేది, బేరింగు చెప్పేది,
డీజిల్లో కిరసనాయిలు ఎవరు కలిపారో అదీ చెప్పేది.
ప్రసంగి చెవి పెడితే ఇంజను అబద్ధమాడదని
లంకల్లో అరటి రైతులు అనుకునేవారు, ఆయ్.

అమలాపురంలో డాక్టరమ్మ
గీతల కాగితం బల్ల మీద పరిచి
ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంది.
నేను నోరు తిరక్క చూస్తుంటే
"గుండె పైగదులు రెండూ కొట్టుకోవడం మానేసి
వణుకుతున్నాయి బాబాయ్" అంది.
"మిస్సింగ్ అన్నమాట."
నవ్వింది. "అన్నమాటే."
"మరి విప్పి చూడరా?"
"విప్పం. మాత్రలు వేసుకోవాలి."

రక్తం పల్చబడే మాత్ర, రాత్రి ఎనిమిదింటికి.
అప్పట్నించి గోంగూరకీ లెక్కే,
ఎస్తేరు బంగారం తూచినట్టు వడ్డిస్తుంది.
స్పానరు జారి వేలు చీరుకుంటే
ఒక గుడ్డ తడిసింది, ఇంకో గుడ్డ తడిసింది,
"ఆయిలు సీలు పోయినట్టుందిరా" అని నేనే జోకేశాను.
షెడ్డులో ఎవరూ నవ్వలేదు.

మొన్న వానల్లో
ఆదిమూలం గారి రొయ్యల చెరువు జనరేటరు వచ్చింది.
పిడి చెవికి పెట్టాను. తప్పుతోంది.
ఇంజెక్టరు విప్పాను. పంపు విప్పాను.
బిగించి, స్టార్ట్ చేసి, మళ్ళీ పెట్టాను.
తప్పుతోంది.
పని నేర్చుకుంటున్న మా తోడల్లుడి మనవరాలు కెజియా
స్క్రూడ్రైవరు నా చేతిలోంచి తీసుకుని
కళ్ళు మూసుకుని విని
"తాతా, గడియారంలా ఉంది" అంది.

నేను విన్నది నన్నే.
ఇనప ముక్క మీద నా ఎముక ఆనించి
సగం రోజు నన్నే విన్నాను,
ఏ రోగమూ లేని ఇంజనుని కోసి కుట్టాను.

ఆదిమూలం గారి దగ్గర డబ్బు తీసుకోలేదు.
కారణం చెప్పలేదు.
స్క్రూడ్రైవరు కెజియా దగ్గరే ఉంది, అడగలేదు.

ఆ రాత్రి కరెంటు పోయింది.
చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒక్కసారి ఆగాయి.
జనరేటర్లు అందుకునేలోపు, ఆ కాసేపు,
కొబ్బరాకు మీంచి చుక్క జారడం వినిపించింది.
దాని వెనకాల ఇది.

మా నాన్న కాలవ గట్టు మీద పడవ తాడు లాగేవాడు.
నేను ధాన్యం బస్తాల మీద పడుకుని
తాడు బిగియడం, వదులవడం వినేవాణ్ణి.
నాలుగడుగులు గబగబా. ఆగడం.
తుమ్మముల్లో, దగ్గో, దారికి అడ్డంగా ఎవరి గేదో.
ఆయన నడకకి టైమింగు లేదు.
పడవ మాత్రం తెల్లారేసరికి రేవు చేరేది.

ఓదార్పుగానే ఉంది, కాసేపు.
తరవాత గుర్తొచ్చింది
ఒక తెల్లవారుజామున తాడు వదులై
మళ్ళీ బిగియలేదని.

ఆదిమూలం గారి జనరేటరు అందరికంటే ముందు అందుకుంది.
ఒక్క తప్పూ లేదు.

కుడి పక్కకి తిరిగాను.
ఎస్తేరు మేలుకునే ఉంది.
"వినపడుతోందా?" అంది.
"ఆఁ."
"అయితే పడుకో."