బిళ్ళ

తవుడుకి అమ్మిన బిడ్డ.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
నాలుగోవాణ్ణి చేటెడు తవుడుకి పొరుగింట అమ్మేసి
చావు కళ్ళుగప్పి, మళ్ళీ ఇంటికి తెచ్చుకుందట వాళ్ళమ్మ.
అందుకే ఇజ్జరోతు తవిటినాయుడు.
"నా ఖరీదు శేరు తవుడు. అంతకు మించి ఎవుడిచ్చినా లాభమే"
అనేవాడు.

డెబ్భై ఒకటి యుద్ధంలో మైన్లు ఏరాడు.
ఏరనిది ఒకటి ఎడమ చెవి పట్టుకుపోయింది.
పెన్షను కాగితంతో గరివిడి వచ్చి
మళ్ళీ మైన్లోకే దిగాడు, సేఫ్టీ ఆఫీసరుగా.
"మాట ఒకటే గదమ్మా.
అక్కడ భయం అరికాలి కింద, ఇక్కడ నడినెత్తి మీద."

ఇనప కడ్డీతో గని కప్పుని తట్టి
మిగిలిన చెవి ఒగ్గేవాడు.
గంటలా పలికితే పని.
తడిసిన డప్పులా మూలిగిందా,
అందర్నీ పైకి తోలి, ఎర్రగుడ్డ కట్టి, బుక్కులో రాసేవాడు.
ఆ పూట కూలి పోయినవాళ్ళు
ఇంక్లైను దగ్గర నిలబడి తిట్టేవారు.
అది ఆయన వినిపించని చెవి వైపు.

ఆదివారాలు మాత్రం ఆకాశం.
రెండు సీట్ల విమానం, రేకుల షెడ్డు,
కంపెనీ ఎప్పుడో చదును చేసి వదిలేసిన ఎర్రమట్టి బాట.
ఇంజను మీద చెయ్యి వేసి, కడ్డీతో కప్పుని విన్నట్టే వినేవాడు.
నెల్లిమర్ల జూట్‌మిల్లు పొగగొట్టం ఎడంగా,
చంపావతి ఇసకలో సన్నటి తడి,
రామతీర్థం కొండ బోడినెత్తి.
అన్నీ మాకు సోమవారం చెప్పేవాడు.

అలాంటి ఒక ఆదివారమే
ఎర్రగుడ్డ విప్పించి మూడో లెవెల్ తెరిపించాడు మేనేజరు.
పైనుంచి ఆయన చూసింది
పుట్ట తవ్వినట్టు ఇంక్లైను వైపు పరుగెడుతున్న జనాన్ని.
గోగు చేలో దింపేశాడు విమానాన్ని.
కళ్ళద్దాలు మెడలో వేలాడుతుండగానే లోపలికి దిగాడు.
మా నాన్న ఎర్రయ్యని బయటికి తెచ్చింది ఆయనే.
నాన్న జేబులో బిళ్ళ, నంబరు నూట పధ్నాలుగు.

ఎంక్వయిరీలో బుక్కు చదివి వినిపించాడు.
తేదీ, లెవెల్, సంతకం.
తర్వాత ఎవరూ అడక్కుండానే అన్నాడు:
"రాశాను. కానీ లేను."

పదకొండేళ్ళు షెడ్డు తాళం తీయలేదు.
నాన్న పేరు మీద నాకు బిళ్ళల బోర్డు దగ్గర ఉద్యోగం.
మేకు ఖాళీగా ఉందంటే మనిషి లోపలున్నట్టు.
చివరి మేకు నిండేదాకా
నా బల్ల పక్కనే చల్లారిన టీ గ్లాసుతో కూర్చునేవాడు.
నూట పధ్నాలుగో మేకు వైపు మాత్రం చూసేవాడు కాడు.

అమ్మే చివరికి వెళ్ళి అడిగింది.
"ఏటి బాబూ, నువ్వు ఇంటికాడ కూకుంటే
నా మొగుడు లెగిసొస్తాడేటి?
ఎగురు.
పైనుంచి సూడ్డానికైనా ఒకడుండాల."

ఆ వారం నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు:
"నాకూ ఒక బిళ్ళ ఇయ్యమ్మా."
నంబరు కొట్టని ఇత్తడి బిళ్ళ ఒకటి ఇచ్చాను.
ఎగిరే ముందు తీసుకెళ్ళడం,
దిగాక తెచ్చి తగిలించడం.
బట్టలకి పెట్రోలు వాసన.

గని మూసేశారు. గుంతలో నీళ్ళు నిండాయి.
తుక్కు కింద తూచబోతుంటే బోర్డుని రిక్షా మీద ఇంటికి తెచ్చుకున్నాను.
కళ్ళు చాలవని డాక్టరు తేల్చిన రోజు
కర్ర ఊతంతో వచ్చి, తడుముకుని, తన మేకుకి తనే తగిలించాడు.
"లెక్క సరిపోయిందా?"
"ఒకటి తప్ప, బాబూ."
తలూపాడు. అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్ళాడు.

శ్రావణంలో పోయాడు, విజయనగరం ఆస్పత్రిలో.
పతకాలు కొడుకు తీసుకున్నాడు.
బిళ్ళ అడిగాడు గానీ నేనివ్వలేదు.
అది మేకు మీద ఉండాలి.
ఉంటేనే మనిషి బయటికి వచ్చినట్టు.

రాత్రి వాన ఆగకుండా కురిసింది.
లేచి, స్టూలెక్కి,
గరిటె కాడతో మా ఇంటి స్లాబుని నాలుగు చోట్ల తట్టాను.
"అర్ధరాత్రి ఏటే ఇది?" అంది అమ్మ.
పలికింది.
పడుకున్నాను.