బానెట్ మీద దఫ్

ముహర్రక్‌లో మా బడి సంగీతం గది
ఒకప్పుడు స్టోర్ రూమ్.
ఇంకా ఫినాయిల్ వాసన, మూలన విరిగిన గ్లోబు.
ముప్పై ఒక్క మంది పిల్లలు, పదకొండు భాషలు,
మధ్యమం పలకని హార్మోనియం ఒకటి.

"మీ ఇంట్లో మోగేది ఏదైనా పట్టుకురండి" అన్నాను.
మారిసోల్ వెదురు పుల్లల జత తెచ్చింది.
ఇద్రీస్ వాళ్ళమ్మ కాఫీ గింజలు దంచే రోలు మోసుకొచ్చాడు,
ఆ దంపుడు వింటే పక్కింటివాళ్ళు పిలవకుండానే వస్తారట.
నైలా తెచ్చింది
ముత్యాలకి మునిగిన ముత్తాత కాలం నాటి పెద్ద మట్టికుండ,
తాత వాయించే దఫ్.

కుండని చూడగానే "ఘటం!" అన్నాను.
"కాదు టీచర్, జహ్లా."
నిజమే. ఘటం ఒళ్ళో కూర్చుంటుంది.
ఇది నేల మీద కూర్చుని
సముద్రంలా దగ్గుతుంది.

దఫ్ మాత్రం మోగలేదు.
ఉప్పుగాలి తేమకి చర్మం వడిలిపోయి
మెత్తబడ్డ అప్పడంలా తప్పుమంది.
పిల్లలు నవ్వారు. నైలా తల దించుకుంది.

అప్పుడు కిటికీ అద్దం మీద ఎవరిదో వేలు.
రాజలింగం. ఏడో నంబరు బస్సు డ్రైవరు. కోరుట్ల దిక్కు మనిషి.
"గట్ల గాదు మేడం, దానికి సెగ జూపాలె.
మా దగ్గర గడ్డి మంటేస్తం.
ఈడ మంటెందుకు, ఇంత ఎండున్నది."

బస్సు బానెట్ మీద బోర్లించాడు,
రొట్టె కాల్చినట్టు
తిప్పుతూ, అరచేత్తో తడిమి చూస్తూ.
నేను బోర్డు మీద గీసుకున్న గళ్ళు చూస్తూ నించున్నాను:
దేశం. వాద్యం. తాళం.

కణుపుతో ఒక్కటి వేశాడు.
గ్లోబు కదిలింది.

"దీన్నేమంటరు బిడ్డా?"
"దఫ్."
"మాది డప్పు."
దఫ్ డప్పు దఫ్ డప్పు
నేను చెప్పకముందే పిల్లలు దాన్ని ఎత్తుకుపోయారు.

"లోపలికి రండి" అన్నాను.
చెప్పులు బయట విడిచి
గుమ్మం దగ్గరే ఆగాడు.
ఒక భుజం మీద ఏసీ గాలి, ఒక భుజం మీద వడగాలి.

ఆ ఆగడం నాకు తెలుసు.
రాజమండ్రిలో పాఠం మధ్య వీధిలో డప్పు వెళితే
మాస్టారు చెయ్యెత్తేవారు. శ్రుతి చెడుతుందని.
ఎవరో లేచి కిటికీ మూసేవాళ్ళు.
చాలాసార్లు ఆ ఎవరో నేనే.
ఇనప గడియ చల్లదనం బొటనవేలికి ఇంకా గుర్తుంది.
పెళ్ళో, చావో,
ఏ దరువునీ చివరిదాకా వినలేదు.

రెండోసారి పిలవడానికి నాకు గొంతు రాలేదు.
నైలా వెళ్ళి చెయ్యి పట్టి లాక్కొచ్చింది.
దఫ్ తనది కదా.

ఇక పీరియడంతా
జహ్లా అడుగు నుంచి, రోలు పక్క నుంచి,
వెదురు పుల్లలు ఆలస్యంగా, ప్రతిసారీ ఆలస్యంగా.
అక్షరాలు లెక్కపెట్టబోయి పదకొండు దగ్గర తప్పాను.
"లెక్కవెడితే దొరుకది మేడం, కాళ్ళల్ల వడాలె."
కదిపాను.
ఇరవై రెండేళ్ళ సంగీతం
కొత్త చెప్పులేసుకున్న పిల్లలా కదిలింది.

బెల్లు కొట్టాక ఆఫీసు ఫారం: అతిథి వివరాలు.
గురువు పేరు అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
"మా నాయిన, పోశెట్టి. రాసుకోండ్రి.
రేషన్ కార్డుల తప్ప ఆయిన పేరు ఏడ రాసి లేదు."

లేటయిందని పరుగున బస్సెక్కాడు.
ఏడో నంబరు అద్దాలన్నీ లోపలినుంచి మోగుతూ
మలుపు తిరిగాయి.

తలుపు వేద్దామని వెళితే
గుమ్మం బయట ఆయన చెప్పులు.
ముట్టుకుంటే కాలుతున్నాయి.
తెచ్చి హార్మోనియం పక్కన పెట్టాను.