పులీరె

తోతాపురి పండే రెండు నెలలూ
చిత్తూరు గాలి నాలుక్కి తియ్యగా తగులుతుంది.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు బయట
కాయల ట్రాక్టర్లు అరమైలు బారున నిలబడి కునుకుతాయి.
లోపల, రాత్రి షిఫ్టులో,
నాకు మొదటి పాఠం దొరికింది,
టెంకనూ గుజ్జునూ విడదీసే మిషను నడుం మీద
రేకులో పొడిచిన నాలుగు మాటలు.

అపెర్తో. కియూజో. పెరీకొలో. పులీరె.

బాయిలరు ఆర్ముగం కళ్ళద్దాలు పైకి తోసి
అక్షరం అక్షరం కూడబలుక్కుని
"పులి అంటే చింతపండు గదమ్మే" అన్నాడు.
"పులి అంటే పులే" అన్నాను.
"కాయ పుల్లంగా ఉంటే ఎయ్యొద్దని రాసుంటారు"
కాయలేరే చెంగమ్మత్త తీర్పు చెప్పింది.
ముగ్గురిదీ తప్పే.
కడుగు అని దానర్థం.
పదకొండేళ్ళుగా ఆ మిషను కడగమని అడుగుతా ఉంది.
మేమూ కడుగుతానే ఉండాము,
అడుగుతోందని తెలీకుండా.

ఆదివారం పల్లెవెలుగు బస్సు.
కాణిపాకం క్రాసు దాటితేగానీ సీటు దొరకదు.
చంద్రగిరి కోట కనపడేసరికి
పోయిన వారం క్రియలన్నీ మరిచిపోయుంటాను.
తిరుపతిలో కాన్వెంటు వెనక, వంటింటి అరుగు మీద
సిస్టర్ అనున్సియాత బెండకాయలు తరుగుతా ఉంటుంది.
పద్దెనిమిదేళ్ళు క్రెమోనాలో
ముసలోళ్ళ మంచాల పక్కన నిలబడిన మనిషి.
ఆమె ఇటాలియన్‌లో హోటళ్ళు లేవు, రైలు టిక్కెట్లు లేవు.
నాకు నేర్పిన తొలి వాక్యం
దొవె తి ఫా మాలె?
నీకు నొప్పెక్కడ?

దొవె అంటే ఎక్కడ.
మా పక్క దోవ అంటే పొయ్యే బాట.
రెండూ నోట్సులో పక్కపక్కన రాసి
కింద ఒక గీత గీసుకున్నాను.
సిస్టర్ చూసి, "చుట్టరికం లేదు,
ఊరికే ఒకే రంగు చీర కట్టుకోనుండారు" అంది.

తెలుగూ అదీ ఒకే మాదిరంట గదా,
మాటలన్నీ అచ్చులోనే ఆగుతాయంట గదా,
అనేవాళ్ళకు కొదవ లేదు.
అన్నోళ్ళలో ఒక్కరూ నేర్చుకున్నది లేదు.
బస్సు, బెంచి, బాయిలరు,
ఏ మాటొచ్చినా తోక తగిలించి పంపే ఊరు మాది.
అక్కడ ఆ తోకే మగో ఆడో తేల్చేస్తుంది.
ఓ ఉంటే మగ, ఆ ఉంటే ఆడ.
మానో, చెయ్యి, ఒక్కటి మాత్రం
ఓ తోకతో తిరిగే ఆడది.
ఎందుకు సిస్టర్?
"పనంతా చేసేది అదే కదా."
వ్యాకరణంలో అట్లా ఉండదని
తర్వాత ఫోన్లో చూసి తెలుసుకున్నాను.
సిస్టర్ మాటే రాసుకున్నాను.

మాకు ఏళ్ళు వస్తాయి, నిండుతాయి, మీద పడతాయి.
వాళ్ళు ఏళ్ళను ఉంచుకుంటారు.
ఇరవైరెండేళ్ళు నా దగ్గరున్నాయి, అనాలి.
వొత్తు మరిచి పలికితే ఏమవుతుందో
సిస్టర్ చెప్పదు. మూతికి కొంగు అడ్డం పెట్టుకుంటుంది.

పార్మా నుంచి సీటు కాగితం వచ్చింది.
మిషను అడుగున చిన్న అక్షరాల్లో ఉండే ఊరే.
ఆదాయం సర్టిఫికెట్టు వాళ్ళ భాషలో కావాలన్నారు.
తాసిల్దారు గుండ్రటి సీలు పక్కన ఉన్న 'కూలీ'ని
చెన్నై తర్జుమా ఆయన 'ఒపెరాయో' చేసి
మాటకింతని లెక్క కట్టాడు.
నాలుగు రాత్రుల ఓవర్‌టైము.
ఆ ఒక్క మాటకు నా వంతెంతో
బస్సులో భాగించి చూసుకున్నాను.

సీజను ఆఖరి రాత్రి.
చెంగమ్మత్త గోడకానుకుని కూర్చుంది.
సొన పడి అరచెయ్యి పొక్కి పొరలు లేచింది.
నిద్రమత్తులో నా నోటికి ఏది ముందొచ్చిందో అదే:
దొవె తి ఫా మాలె?

"ఏ దోవమ్మే" అంది ఆమె,
"ఎవురు పొయ్యేది? ఇదో, ఈ చెయ్యి"
అని చాపింది.

నేను నీళ్ళ గొట్టం పిడిని
అపెర్తో వైపుకు తిప్పాను.